పెడల్ మీద వదిన కాలు

ఆమెను అందరూ వదిన అనే పిలుస్తారు. తమ్ముడి భార్య వదినా వదినా అంటుంటే విని విని, హాలు మేనేజరు దగ్గర్నుంచి కుర్చీలు సర్దేవాళ్ళ దాకా అదే పిలుపు పట్టుకున్నారు. ఒకప్పుడు ఆమె పేరు గోడల మీద పెద్దపెద్ద అక్షరాల్లో ఉండేది. ఇప్పుడు పిలుపు కూడా మరదలి పుణ్యమే. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా వదినకి ఒళ్ళు మండుతుంది. తలుచుకోని రోజంటూ లేదు కాబట్టి మంట కూడా రోజూ ఉంటుంది.

వదినా మరదళ్ళిద్దరూ ఒకే పియానో ముందు పక్కపక్కన కూర్చుని నాలుగు చేతులతో వాయిస్తారు. ఎడమ పక్కన, అంటే కింది స్వరాల వైపు వదిన. కుడి పక్కన, పై స్వరాల వైపు మరదలు. పాట దాదాపుగా పై వైపే ఉంటుంది. కింది వైపు మనిషి ఆ పాటకి నేల వేస్తుంది. ఆమెకి ఇంకో పని కూడా ఉంది, చూసేవాళ్ళకి అది ఆనదు. పెడల్ ఆమెదే. దాన్ని కాలితో తొక్కితే మోగిన స్వరం మోగుతూనే ఉంటుంది, వదిలితే టక్కున తెగిపోతుంది. ఒక్క పెడల్ మీద ఇద్దరు కాళ్ళు పెడితే రణరంగమే కాబట్టి, కింది వైపు కూర్చున్నవాళ్ళే ఇద్దరి తరఫునా తొక్కుతారు. నాలుగు చేతుల వాయిద్యంలో అది ఆనవాయితీ.

వదిన కింది వైపు కోరి తీసుకుంది కూడా అందుకే. ఎవరు ఏది వాయించినా అది ఎంతసేపు మోగాలో తేల్చేది కాలే కదా! పాట పాడుకుంటే పాడుకోనీ, పెత్తనం నా కాలి కింద ఉంటుంది అనుకుంది. కానీ పత్రికలవాళ్ళకి కాళ్ళు కనపడవు. "కుడి పక్కన కూర్చున్నావిడ వాయిస్తుంటే అది పియానో అని మర్చిపోతాం, ఎవరో ఊపిరి తీసుకోకుండా పాడుతున్నట్టుంటుంది" అని రాశారు. వదిన గురించి "చక్కటి తోడు" అని రాశారు. చక్కటి తోడు! ఆ రెండు మాటల్నీ వదిన నెల రోజుల పాటు నమిలింది, మింగుడు పడలేదు.

"ఊపిరి తీసుకోకుండా పాడేది ఎవర్రా?" అని తమ్ముణ్ణి నిలదీసింది. "నా కాలు! నేను కాలు తీసేస్తే మీ ఆవిడ పాట ముక్కలు ముక్కలై కింద రాలుతుంది, చీపురు పెట్టి ఊడ్చుకోవాలి."

"అవునక్కా," అన్నాడు తమ్ముడు. అతను వాళ్ళిద్దరి కచేరీల వ్యవహారాలు చూస్తాడు. హాళ్ళు మాట్లాడటం, ప్రయాణాలు కుదర్చడం అతనికి నల్లేరు మీద నడక. అక్కకీ భార్యకీ మధ్య కూర్చుని భోజనం చెయ్యడమే కష్టం. అందుకని ఇద్దరితోనూ అవుననే అంటాడు.

వదిన సామాన్యురాలేం కాదు. పెడల్‌కి కాలు అందని వయసులోనే, కాలి కింద చెక్కదిమ్మ పెట్టుకుని వాయించిన మనిషి. బడిలో తోటి పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుకుంటుంటే ఆమె కిటికీ పక్కన కూర్చుని ఒకే వరసని వందసార్లు తిప్పేది. పదహారో ఏట పెద్ద పోటీలో గెలిచింది. ఆ తర్వాత పదేళ్ళు ఒంటరిగా వేదికలెక్కింది, నల్లటి పొడుగు గౌను, వెనక జడ, ఎదురుగా నిండిన హాలు. అప్పట్లో ఆమె వాయిద్యం అంటే చెవి కోసుకునేవాళ్ళుండేవారు. మరి ఏం జరిగిందో ఏమో, పెద్ద దెబ్బేమీ తగలకుండానే హాళ్ళు చిన్నవవుతూ వచ్చాయి. ప్రతి ఏడూ ఇంకో పదహారేళ్ళ పిల్ల పోటీ గెలుస్తూనే ఉంటుంది మరి. ఆఖరికి ఒక కాలేజీ హాల్లో వాయిస్తున్నప్పుడు ముందున్న స్వరాల కాగితాలు తిప్పడానికని ఒక విద్యార్థినిని పక్కన కూర్చోబెట్టారు. ఆ పిల్ల కాగితం తిప్పడం ఒక్కసారి కూడా తప్పలేదు. కచేరీ అయ్యాక తమ్ముడు ఆ పిల్లతో గంటసేపు మాట్లాడాడు. ఏడాది తిరిగేసరికి ఆమె మరదలైంది.

"నా కాగితాలు తిప్పడానికొచ్చి మా వాడి తల తిప్పింది," అని వదిన నవ్వుతూ అందరికీ చెప్పేది. అప్పట్లో నవ్వగలిగేది.

ఇద్దరూ కలిసి వాయిస్తే బాగుంటుందన్నది తమ్ముడి ఆలోచనే. బాగుంది కూడా. హాళ్ళు మళ్ళీ పెద్దవయ్యాయి. అదే వచ్చిన చిక్కు. హాళ్ళు ఎవరి వల్ల పెద్దవయ్యాయన్న ప్రశ్న వదిన గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది. పక్కన కూర్చుని వాయిస్తున్నంతసేపూ ఒక చెవి మరదలి మీదే. ఎక్కడైనా స్వరం జారుతుందా, వేలు తడబడుతుందా అని చెవులు రిక్కించి వినేది. మరదలు జారేది కాదు, కానీ ఆమెకో పాడు అలవాటుంది. వేళ్ళు మీటల మీంచి ఓ పట్టాన లేవవు.

"బంక రాసుకొచ్చావా ఏం?" అని వదిన ఎత్తిపొడిచేది. "ఆ వేళ్ళేమిటి అలా అతుక్కుపోతాయి? పెడల్ నేను తొక్కుతున్నానుగా, నువ్వు పట్టుకు వేలాడ్డం దేనికి?"

"అలవాటైపోయింది వదినా," అనేది మరదలు. అని, వాయించడం అయ్యాక కుడి చేతిని వేణ్ణీళ్ళలో ముంచుకుని కూర్చునేది. ఆమెకి ఆ చేతిలో నాలుగో వేలు దగ్గర్నుంచి మణికట్టు దాకా తరచూ నొప్పి. చూశావా, పద్ధతి సరిగ్గా లేకపోతే ఇంతే అని వదిన లోపల్లోపల కాస్త చల్లబడేది.

ఇలా ఉండగా ఒక ఉదయం, ముగ్గురూ కాఫీ తాగుతుంటే, తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. అతను గొంతు సవరించుకున్నాడంటే ఏదో ముంచుకొచ్చిందనే.

"సింఫనీవాళ్ళు కబురు చేశారక్కా. ఆర్కెస్ట్రాతో కలిసి పియానో వాయించమని అడుగుతున్నారు."

వదిన చేతిలో కప్పు కింద పెట్టింది. అరవైమంది వాయిద్యగాళ్ళు వెనక, ముందు పియానో. ఆ చోట కూర్చుని ఇరవై ఏళ్ళయింది. "ఎప్పుడు?" అంది.

"వచ్చే నెల. కానీ..." తమ్ముడు భార్య వైపు చూశాడు. మరదలు రొట్టె ముక్క వైపు చూసింది. "ఒక్కరినే అడిగారు. వాళ్ళ డైరెక్టరు మొన్న మీ కచేరీకొచ్చాడట. ఆ పాడే శబ్దం కావాలన్నాడు."

వదిన కప్పుని పక్కకి నెట్టేసింది. ఆ పాడే శబ్దం! దొంగ సొత్తుకి సన్మానం చేస్తామంటున్నారు. "మంచిదే కదమ్మా, వెళ్ళు," అని పైకి అంది. ఆ మాటలో చక్కెర ఎంత ఎక్కువైందంటే తమ్ముడికి భయమేసింది.

మరదలు రిహార్సళ్ళకి వెళ్ళాల్సిన వారంలోనే వదినా మరదళ్ళ కచేరీ ఒకటి ఉంది. రద్దు చేద్దామన్నాడు తమ్ముడు. వదిన ఒప్పుకోలేదు.

"ఎందుకు రద్దు? పై వైపు ఎవరో ఒకరు కూర్చుంటే చాలు. మీ ఆవిడ దగ్గర నేర్చుకునే కళ్ళద్దాల పిల్ల ఉందిగా, రమ్మను. ఇంకో మాట. మేం సాధన చేసేది నీ ఫోన్లో రికార్డు చెయ్యి. చేసి, ఆ డైరెక్టరుకి పంపించు."

"ఎందుకక్కా?"

"కళ్ళద్దాల పిల్లని కూర్చోబెట్టినా పియానో పాడుతుందని తెలియాలి. పాడించేదెవరో అతని చెవులకే తెలుస్తుంది. తెలిశాక ఎవరిని పిలుచుకుంటాడో అతనిష్టం."

తమ్ముడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. భార్య చేతికొచ్చినదాన్ని తన ఫోనుతోనే పోగొట్టమంటోంది అక్క. అడ్డం చెబుదామని నోరు తెరిచాడు కూడా. కానీ అక్క కళ్ళలోకి చూసేసరికి పాత అలవాటు కొద్దీ "అవునక్కా" అనే వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం సాధన గదిలో కూర్చున్నారు. చిన్న గది. పక్కవాళ్ళకి చప్పుడు వెళ్ళకుండా తలుపు కింద దళసరి గుడ్డ, కిటికీకి రెండు పొరల తెర, మధ్యలో గదంతా తానే అయిన పియానో. కళ్ళద్దాల పిల్లకి పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. వేళ్ళు గట్టివి, భయం ఇంకా గట్టిది. తమ్ముడు ఫోను కిటికీ గూట్లో పెట్టి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మరదలు ఊళ్ళోనే రిహార్సల్లో ఉంది.

వదిన మెల్లగా సాగే భాగాన్నే ఎంచుకుంది. పత్రికలవాళ్ళు ఊపిరి గీపిరి అని రాసింది దాని గురించే. ఇద్దరూ మొదలుపెట్టారు. పిల్ల స్వరాలన్నీ సరిగ్గానే వేసింది. వదిన కాలు ఎప్పటిలాగే పైకి లేచింది, కిందికి దిగింది. ఒక కాగితం అయ్యేసరికి వదిన కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో తేడాగా ఉంది. ఆపింది.

"ఏదీ, వినిపించు."

తమ్ముడు రికార్డు పెట్టాడు. వదిన వింది. పాట ఎక్కడుంది? స్వరానికీ స్వరానికీ మధ్య సన్నటి పగులు. ప్రతిచోటా, మార్పు వచ్చిన ప్రతిసారీ, శబ్దం ఒక్క క్షణం చచ్చి మళ్ళీ బతుకుతోంది. పాడుతున్న మనిషి కాదు, ఎక్కిళ్ళు పెడుతున్న మనిషి.

"వేళ్ళు ఎందుకలా ఎగరేస్తున్నావ్?" అని పిల్ల మీద విరుచుకుపడింది. "పొయ్యి మీద పెట్టావా వాటిని?"

పిల్ల చేతులు ఒళ్ళోకి లాక్కుంది. "సారీ మేడమ్. మర్చిపోయాను. టీచర్ ముందే చెప్పారు, భయంలో మర్చిపోయాను. ఈసారి పట్టుకుంటాను."

"ఏం చెప్పింది?"

"మీ పక్కన కూర్చున్నప్పుడు వేళ్ళు వెంటనే తియ్యొద్దన్నారు. పెడల్ పడేదాకా మీట వదలొద్దు, వేలు చాలకపోతే పక్క వేలు మార్చి అయినా పట్టుకో, పెడల్ కొంచెం వెనకగా వస్తుంది అని..." పిల్లకి తాను ఏం మాట్లాడుతోందో అప్పటికి తెలిసొచ్చింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "మీకు చెప్పొద్దన్నారు మేడమ్."

తమ్ముడు తలుపు వైపు చూశాడు గానీ దాన్ని చేరాలంటే అక్కని దాటాలి.

"మళ్ళీ వాయిద్దాం. ఆవిడ చెప్పినట్టే వాయించు," అంది వదిన.

ఈసారి పిల్ల వేళ్ళు మీటల మీద అతుక్కున్నాయి, బంక రాసినట్టే. రెండు వరసలు కష్టపడి లాగింది. ఆ రెండు వరసలూ పాడాయి. వదిన వింటూనే ఉంది, కింద తన కాలు వెనకగా వచ్చి చేరడం, అది వచ్చేదాకా ఆ పిల్ల ఉగ్గబట్టుకుని స్వరాన్ని మోయడం. మూడో వరసకి పిల్ల కుడి చెయ్యి దులుపుకుని ఆగిపోయింది. "నొప్పెడుతోంది మేడమ్. టీచర్ ఎలా పట్టుకుంటారో నాకు తెలీదు."

"నువ్వు ఇంటికెళ్ళమ్మా," అంది వదిన. ఆమె గొంతు అంత మెత్తగా రావడం పిల్ల ఎప్పుడూ వినలేదు. అరిచి ఉంటేనే నయమనుకుంటూ పరుగున వెళ్ళిపోయింది.

"ఇది డైరెక్టరుకి పంపనా అక్కా?" అన్నాడు తమ్ముడు, ఏం అనాలో తోచక.

"నీ బొంద. తుడిచెయ్యి. కచేరీ కూడా రద్దు చెయ్యి, నాకు జ్వరమని చెప్పు." తల తిప్పకుండానే అడిగింది, "నీకు తెలుసా?"

"తెలీదు. ఒట్టు. కానీ ఒకటి చెప్పనా? నువ్వు ఒక్కదానివే వాయించినప్పుడు నీ కాలు ఎప్పుడూ వెనకబడలేదు. నేను చిన్నప్పట్నుంచీ వింటున్నానుగా."

అతను వెళ్ళాక వదిన పియానో మధ్యకి జరిగి, ఒక్కతే కూర్చుని, అదే భాగాన్ని రెండు చేతులకి వచ్చినంత వాయించింది. కాలు గడియారంలా పడింది. పగుల్లేదు, ఎక్కిళ్ళు లేవు. ఇంకోసారి వాయించింది. ఇంకోసారి. కాలికి వయసూ రాలేదు, రోగమూ రాలేదు. మరైతే ఆ పక్కన మనిషి కూర్చుంటేనే ఎందుకు ఆలస్యమవుతోంది?

ఆలోచించడానికి ఎంతోసేపు పట్టలేదు, ఒప్పుకోవడానికే పట్టింది. మరదలు స్వరం వేసిన ప్రతిసారీ తాను ముందు అది వింటోంది. జారిందా, తడబడిందా అని వింటోంది. తప్పు లేదని తేలాక, ఉసూరుమని, అప్పుడు కాలు తొక్కుతోంది. ఆ ఉసూరుమనే రెప్పపాటునే ఇన్నేళ్ళూ మరదలు వేళ్ళతో మోసింది. తన కడుపుమంట, పక్కన ఎవరు కూర్చున్నా పోని అలవాటై, తన కాలిదాకా దిగిందన్నమాట. వదినకి సిగ్గేసింది. ఆ సిగ్గు కింద, చెప్పకూడదు గానీ, కోపం కూడా ఉంది. నా లోపాన్ని నాకు తెలియకుండా దాచిపెట్టి, దాంతో పేరు తెచ్చుకుంటుందా? ఇంత మంచితనం ఎవరడిగారు?

సింఫనీ కచేరీకి వెళ్ళకూడదనే అనుకుంది. వెళ్ళింది. మూడో వరసలో ఎడమ పక్కన, మీటలూ చేతులూ కనపడే చోట కూర్చుంది. ఇరవై ఏళ్ళనాటి తన చోట్లో మరదలు వచ్చి కూర్చోవడం కళ్ళారా చూసింది. కూర్చున్నాక మరదలు కుడి కాలు ముందుకి జరిపి పెడల్ మీద పెట్టుకోవడం కూడా చూసింది. వదిన తన కాళ్ళు రెండూ కుర్చీ కిందికి లాక్కుంది.

ఆ తర్వాత చేతులు లేచాయి. వదిన ఆ చేతుల పక్కనే ఇన్నేళ్ళు కూర్చుంది గానీ అవి అంత ఎత్తు లేస్తాయని ఎరగదు. స్వరం వెయ్యడం, వదిలెయ్యడం, గాల్లో తిరిగి ఇంకోచోట వాలడం. పట్టుకు వేలాడే పని లేదు. ఎవరి కాలు కోసమూ ఆగే పని లేదు. ఆర్కెస్ట్రా మొత్తం ఒక్కసారిగా లేచినప్పుడు కూడా ఆ పాట దాని పైనే తేలింది. పక్క కుర్చీలో పెద్దాయన కళ్ళు మూసుకుని "ఆహా" అన్నాడు. వదినకి ఆయన్ని గిల్లాలనిపించింది. అసూయ అంటే ఏమిటో తనకి బాగా తెలుసనుకుంది ఇన్నాళ్ళూ. అదంతా ఉత్తదే, అసలుది ఇదిగో, ఇప్పుడు వచ్చింది. చప్పట్లు కొట్టేటప్పుడు ఆమె చేతులు అందరికంటే గట్టిగా మోగాయి. అవి మెచ్చుకుంటున్నాయో కొడుతున్నాయో ఆమెకే తెలీలేదు.

వేదిక వెనక గదిలో అద్దం ముందు మరదలు ఒక్కతే ఉంది. బల్ల మీద పూలగుత్తులు, చెమటకి తడిసిన తువ్వాలు. వదినని చూసి లేచి నిలబడింది.

"ఎలా ఉంది వదినా?"

"నీ వేళ్ళకి ఇవాళ బంక లేదు," అంది వదిన.

మరదలి ముఖం పాలిపోయింది. కళ్ళద్దాల పిల్ల ఏడుస్తూ ఫోను చేసి అంతా చెప్పేసిందని వేరే చెప్పక్కర్లేదు.

"ఎందుకు చెప్పలేదు నాకు?"

"మొదట్లో భయం. మీరు పెద్దవాళ్ళు. మీ కాగితాలు తిప్పినదాన్ని, మీ కాలు ఆలస్యమని నేనెలా అంటాను?"

"సరే. తర్వాత?"

మరదలు తువ్వాలు మడత పెట్టింది, మళ్ళీ విప్పింది. "తర్వాత చెప్పబుద్ధి కాలేదు."

"అంటే?"

"మీరు ఒక్కరే వాయించిన పాత రికార్డులు మా అల్మారాలో ఉన్నాయి. మీ తమ్ముడు ఇంట్లో లేనప్పుడు పెట్టుకుని వింటాను. ఏడుపొస్తుంది వదినా. బాగుందని కాదు. నాకు అలా రాదని. మీ కాలు వేళకి పడితే జనం మిమ్మల్నే వింటారు, పక్కన నేనున్నానో లేదో కూడా చూడరు. అందుకే చెప్పలేదు. చెయ్యి పోయినా సరే, చెప్పకూడదనుకున్నాను." గబగబా అనేసి, ఇక తిట్టండి అన్నట్టు నిలబడింది.

వదిన తిట్టలేదు. అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె ముఖంలో ఏదో మెల్లగా వెలుగుతోంది, ఎన్నో ఏళ్ళుగా అటు రానిది.

"ఇంకోసారి చెప్పు," అంది.

"ఏది?"

"ఏడుపొస్తుందన్నావే, అది."

"వదినా!"

"చెప్పవే. ఏ రికార్డుకి ఎక్కువ వస్తుంది?"

మరదలికి నవ్వాలో ఏడవాలో తెలీక రెండూ చేసింది. వదినకీ నవ్వొచ్చింది. "నేను నీ తప్పు కోసం కాచుకుని కూర్చున్నాను, నువ్వు నా తప్పుని బంగారంలా దాచుకున్నావు. పాపం టికెట్టు కొనుక్కొచ్చినవాళ్ళకి ఇద్దరిలో ఒక్కరూ పూర్తిగా దొరకలేదే!"

తలుపు కొట్టి తమ్ముడు తల లోపల పెట్టాడు. డైరెక్టరు బయట కాచుకున్నాడని చెప్పబోయి, ఇద్దరూ పక్కపక్కన ఉండటం చూసి, "అవునక్కా" అని, ఎవరూ ఏమీ అడక్కపోయినా, తలుపు మూసేశాడు.

"వచ్చే నెల మన కచేరీ ఉంది," అంది వదిన. "నేను కిందే కూర్చుంటాను. కాలు వేళకి పడుతుంది. నువ్వు వేళ్ళు ఎంత ఎత్తు లేపుకుంటావో లేపుకో. ఎవరిని వింటారో చూద్దాం."

"నాకు భయంగా ఉంది వదినా."

"ఉండాలి," అంది వదిన. అని, మరదలి కుడి చెయ్యి అందుకుని ఒళ్ళో పెట్టుకుని, వేలి చివర్ల నుంచి మణికట్టు దాకా మెల్లగా ఒత్తడం మొదలుపెట్టింది. నాలుగో వేలు దగ్గర మాత్రం కొంచెం గట్టిగానే ఒత్తింది.